ఏవండీ పోస్టాఫీసు

అమెరికాలో మా ఆయన పేరు మీద ఒక పోస్టాఫీసు ఉంది. ఏం పేరని ఇప్పుడే అడగకండి, చెప్పవలసిన చోట చెబుతాను. ఆ పేరు నా నోట పలకడానికి ఒక పెళ్ళీ, ఒక కాపురమూ, ఒక చావూ, ఆ పైన ఒక మిషిగన్ వేసవీ పట్టాయి. మొదటి మూడూ అందరికీ ఉండేవే. ఆ వేసవి సంగతి మాత్రం చెబుతాను.

మే నెల. మంచు పూర్తిగా వదిలింది కదా అని పెరట్లో గోంగూర విత్తనాలు చల్లుతున్నాను. హంసిక వచ్చింది. ఇక్కడే పుట్టి పెరిగిన తెలుగుపిల్ల, మా కాంగ్రెస్‌మన్ గారి ఆఫీసులో పని చేస్తుంది. మా ఊరి పోస్టాఫీసుకి ఆయన పేరు పెట్టాలని ఊరివాళ్ళు సంతకాలు చేసి పంపితే, ఆ కాగితాల వెంట రెండేళ్ళు తిరిగింది ఈ పిల్లే. చలికాలంలో బిల్లు రెండు సభల్లోనూ గట్టెక్కి చట్టమైంది.

"ఆంటీ, గుడ్ న్యూస్! ఆగస్టులో సెర్మనీ. డేట్ ఫిక్స్ అయింది."

"చల్లగా ఉండు తల్లీ. కాఫీ తాగుతావా?"

"తాగుతాను," అంటూ నా వెనకే వంటింట్లోకి వచ్చింది. "ఆంటీ, పోస్టాఫీస్ లోపల లాబీలో ప్లాక్ ఉంటుంది. మీరు కర్టెన్ లాగాలి. తర్వాత ప్లాక్ మీద ఉన్నది మీరు చదవాలి. లౌడ్‌గా. అందరికి వినపడాలి."

"ఏముంటుంది ఆ ఫలకం మీద?"

"పేరు, ఆంటీ. అంకుల్ ఫుల్ నేమ్. ఎండ్‌లో 'పోస్టాఫీస్ బిల్డింగ్' అని వస్తుంది. అంతే, టెన్ సెకండ్స్."

చేతిలో డికాక్షన్ కాస్తా పొయ్యి మీద ఒలికింది.

"ఉష చదువుతుందిలే," అన్నాను. ఉష మా అమ్మాయి. నోవైలో కార్ల కంపెనీలో ఇంజనీరు. పెళ్ళి వద్దనుకుంది, నేనూ అడిగి అడిగి ఊరుకున్నాను. ఆయన పోయాక నా దగ్గరే ఉంటోంది.

"నో నో! కాంగ్రెస్‌మన్ గారు వైఫ్ చదవాలి అన్నాడు. వైఫ్ చదివితే బ్యూటిఫుల్‌గా ఉంటుంది అన్నాడు."

ఆయనకేం, బ్యూటిఫుల్‌గానే ఉంటుంది. ఆయన పెళ్ళాం ఆయన్ని రోజుకి వందసార్లు పేరు పెట్టి పిలుస్తుంది.

మా తరంలో, మా ఇళ్ళలో, మొగుడి పేరు పెళ్ళాం నోట రాకూడదు. పలికితే ఆయన ఆయుష్షు తగ్గిపోతుందనేవారు. నిజమో అబద్ధమో రుచి చూసి తెలుసుకోవడానికి అదేమన్నా పప్పులో ఉప్పా? అందుకని ఎవరం పలికేవాళ్ళం కాదు. ఒక్క చోట మాత్రం పలికి తీరాలి. పెళ్ళై కొత్త దంపతులు ఇంట్లో అడుగు పెట్టేటప్పుడు ఆడపడుచు తలుపుకి అడ్డంగా నిలబడుతుంది. ఫలానా ఆయనా నేనూ వచ్చాం, తలుపు వదులు, అని పేరు చెబితేనే దారి.

నా ఆడపడుచు త్రివేణి అప్పటికి పరికిణీ కట్టుకునే పిల్ల. గడప మీద రెండు చేతులూ బార్లా చాపి నిలబడింది. ఆయన సిగ్గూ ఎగ్గూ లేకుండా, "శేషమ్మా నేనూ వచ్చాం, తలుపు వదలవే," అని గట్టిగా అరిచి నవ్వారు. నా వంతు వచ్చింది. నాకు నోరు పెగల్లేదు. తల వంచుకుని నిలబడ్డాను, నిలబడ్డాను, కళ్ళమ్మట నీళ్ళు కారిపోయాయి. వెనకాల నుంచి పురోహితుడు దుర్ముహూర్తం వచ్చేస్తోందని గోల. చివరికి మా అత్తగారు, "పోనీలేవే, పిల్ల బెదిరిపోయింది," అని త్రివేణి చెయ్యి పైకెత్తింది. ఆ చెయ్యి కింద నుంచి దూరి కాపురానికి వచ్చాను.

అది ఆయన జన్మలో మరిచిపోలేదు. "టిక్కెట్టు లేకుండా రైలెక్కిన మనిషివి నువ్వు," అనేవారు. మిషిగన్ వచ్చిన కొత్తలో, మోకాలి లోతు మంచులో కారు ఆపి, తాను లోపల కూర్చుని నా వైపు తలుపు తీసేవారు కాదు.

"ఏవండీ, చలేస్తోందండీ!"

"ఏవండీ ఎవరు? ఈ కార్లో ఆ పేరుగల వాళ్ళెవరూ లేరే. అసలు పేరు చెప్పు, తీస్తాను."

"చెబుతాలెండి ఎప్పుడో ఒకప్పుడు. ముందు తలుపు తియ్యండి, చచ్చిపోతాను."

నవ్వుతూ తీసేవారు. చెబుతాలెండి అన్న ఆ మాట మీదే కాపురం మొత్తం నడిపించాను.

ఇక ఊరికి ఆయన పేరు ఎలా తెలిసిందో చెప్పాలి. తెలియలేదు, అదీ అసలు కథ. మేం ఈ ఊరు వచ్చిన మొదటి చలికాలం పోస్టాఫీసుకి వెళ్ళాం. పెద్ద లైను. ఆయన ఏదో ఆలోచిస్తూ గోడ మీది పోస్టర్లు చూస్తున్నారు. లైను కదిలింది. "ఏవండీ!" అని కేక వేశాను. పలకలేదు. "ఏవండీ! మిమ్మల్నే!" కౌంటర్లో ముసలి పోస్ట్‌మాస్టరు తలెత్తి, ఎంతో మర్యాదగా, "మిస్టర్ ఎవన్ డీ, మీ ఆవిడ పిలుస్తున్నారు," అన్నాడు. ఎవన్ అనేది ఇక్కడ నిక్షేపంలాంటి మగవాడి పేరు. ఎవన్ అనే మనిషికి డీ అనే అక్షరంతో ఇంటిపేరు ఉందనుకున్నాడు పాపం.

నేను నాలిక కరుచుకున్నాను. ఈయన ఏం చేశారనుకున్నారు? "ఎస్, దట్స్ మీ," అని చెయ్యి కలిపి వచ్చారు!

కారెక్కాక దులిపేశాను. "సరిదిద్దాలా వద్దా? రేపు ఊరంతా అలాగే పిలుస్తుంది."

"పిలవనీ. నువ్వు పెట్టిన పేరేగా," అన్నారు. "నువ్వు నా అసలు పేరు చెప్పిన రోజున నేనూ వీళ్ళకి చెబుతాను. అందాకా ఊరికి నేను ఏవండీనే."

అన్నంత పనీ చేశారు. లాబొరేటరీలో, పత్రికల్లో, మీటింగుల్లో ఆయనకి తన పేరే ఉండేది. ఊళ్ళో మాత్రం మంగలి దగ్గర నుంచి మేయరు దాకా ఎవన్. నలభై ఏళ్ళు.

ఆయన కెమిస్టు. వేలెడంత కాగితం ముక్క ఒకటి కనిపెట్టారు. కుళాయి నీళ్ళలో ముంచితే, ఆ నీళ్ళలో సీసం ఉంటే కాగితం గులాబీ రంగుకి తిరుగుతుంది. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడటం చూసి తనకా ఆలోచన వచ్చిందని సభల్లో చెప్పేవారు. పెళ్ళిపీటల మీద నా కాళ్ళ పారాణి చూస్తూ వచ్చిందని నాతో ఒక్కదానితో చెప్పేవారు. ఆ కాగితాలు కవర్లలో పెట్టి, పంపినవారి పేరు దగ్గర ఎవన్ డీ అని రాసి, అడిగినవాళ్ళకల్లా ఈ పోస్టాఫీసు నుంచే పంపేవారు. రిటైరైనా మానలేదు. కౌంటర్లో డెనీస్ అనే ఆవిడ ముప్ఫై ఏళ్ళుగా ఉంది. ఆవిడ పాత ఇంటి పైపుల్లో సీసం ఉందని, చంటిపిల్లాడికి ఆ నీళ్ళు పట్టొద్దని చెప్పింది ఆయనే. సంతకాల కాగితం మొదలుపెట్టింది ఆ డెనీసే.

మూడేళ్ళ క్రితం ఆయన పోయారు. ఆస్పత్రిలో నర్సు పేషెంటు పేరేమిటని అడిగితే నేను ఉష వైపు చూశాను. అప్పుడూ చెప్పలేదు.

*

జూన్‌లో జగన్మోహన్ గారు వచ్చారు. ఈ చుట్టుపక్కల తెలుగు సంఘానికి ప్రెసిడెంటు. మంచివాడే, కానీ మైకు దొరికితే వదిలే రకం కాదు. హంసిక కూడా ఆ రోజు మా ఇంట్లోనే ఉంది.

"బిల్డింగ్ మీద లెటర్స్ ఎంత సైజులో వస్తాయమ్మా? రోడ్డు మీంచి డ్రోన్ షాట్ ప్లాన్ చేశాం," అన్నారు.

"బిల్డింగ్ మీద ఏం రాదు అంకుల్. బయట బోర్డ్ సేమ్. అడ్రస్ సేమ్. లోపల ప్లాక్ ఒక్కటే," అని హంసిక రెండు చేతులతో కొలత చూపించింది. అప్పడాల పీట కంటే కాస్త పెద్దది.

జగన్మోహన్ గారి మొహం చూడాలి ఆ క్షణాన. "ఇంతేనా? దీనికా కాంగ్రెస్సు, సెనేటు, ప్రెసిడెంటు సంతకం? పేరు గొప్ప ఊరు దిబ్బ అన్నట్టుందే!"

"లా అంతే, అంకుల్."

"సరే, స్పీచ్‌తో లేపుదాం. శేషమ్మగారూ, మీకు రెండు పేజీలు రాసుకొచ్చాను. 'తెలుగుజాతి కీర్తికిరీటంలో కలికితురాయి అయిన నా భర్త...' ఇక్కడ గ్యాప్ ఇచ్చి, పేరు చెప్పాలి. మీరు పేరు చెప్పగానే మావాళ్ళు స్టాండింగ్ ఒవేషన్."

"ఆ గ్యాప్‌లోనే ఉందండీ నా ప్రాణమంతా," అన్నాను. ఆయన హాస్యమనుకుని నవ్వారు.

కలికితురాయట! ఒక్క పూట షర్టు గుండీలు సరిగ్గా పెట్టుకున్న మనిషి కాదు. ఆ కాగితాలు మడిచి టీవీ కింద పెట్టాను. ఇప్పటికీ అక్కడే ఉన్నాయేమో.

*

జూలైలో స్టాంపుల కోసం పోస్టాఫీసుకి వెళ్ళాను. సెర్మనీ ఆహ్వానం గోడకి అంటించి ఉంది. డెనీస్ నన్ను చూడగానే కౌంటరు మీద 'క్లోజ్డ్' బోర్డు పెట్టి బయటికి వచ్చింది. నా చెయ్యి పట్టుకుని పక్కకి తీసుకుపోయింది. ఇంగ్లీషులోనే అంది, నేను తెలుగులో చెబుతున్నాను.

"మిసెస్ డీ, ఘోరం జరిగింది. వాషింగ్టన్‌వాళ్ళు పొరపాటు చేశారు. మేమందరం ఎవన్ కోసం సంతకాలు పెడితే, వేరే ఎవరో డాక్టరు పేరు పెట్టేశారు. ఇదిగో చూడు. ఈయనెవరో ఊళ్ళో ఒక్కళ్ళకీ తెలియదు. పొద్దుట్నుంచి పదిమంది వచ్చి నన్ను తిడుతున్నారు. నేను రానంటే రానని చెప్పి వెళ్ళారు ఇద్దరు."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. సంతకాల కాగితం మీద వాళ్ళు ఎవన్ అని రాస్తే, ఆఫీసులో హంసిక అసలు పేరు కనుక్కుని సరిచేసింది. ఆ సంగతి ఊరికి ఎవరూ చెప్పలేదు.

"ఆయనే ఈయన, డెనీస్," అన్నాను. "అదే మా ఆయన పేరు. ఎవన్ అన్నది... మీరు పిలుచుకున్న పేరు."

ఆవిడ గోడ మీది కాగితం వైపు, నా వైపు, మళ్ళీ కాగితం వైపు చూసింది. ముప్ఫై ఏళ్ళు పరిచయమున్న మనిషి పేరు తనకి తెలియదని అప్పుడే తెలిస్తే ఎలా ఉంటుంది? కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

"నాకెప్పుడూ చెప్పలేదే," అంది. చిన్నబుచ్చుకుంది. "సరే. నేర్చుకుంటాను. పలకడం వచ్చాకే ఊళ్ళో అందరికీ చెప్పి నేర్పిస్తాను. ఎలా పలకాలి? నువ్వు చెప్పు, మిసెస్ డీ. నువ్వెలా అంటావో అలాగే అంటాను."

కాగితం మీద ఆ అక్షరాల కింద వేలు పెట్టి నా నోటి వైపు చూస్తూ నిలబడింది, పలక పట్టుకున్న పిల్లలా. నేను నోరు తెరిచాను. గొంతు దాకా వచ్చింది. అక్కడే ఆగిపోయింది.

"రేపు వచ్చి చెబుతాను," అని స్టాంపులు కూడా తీసుకోకుండా వచ్చేశాను. మళ్ళీ ఆ నెలంతా అటు పోలేదు. స్టాంపులు ఉష చేత తెప్పించాను.

ఉష ఊరుకునే పిల్లా? స్టాంపులు తెచ్చిన రాత్రి నేను వంటింట్లో వంకాయలు తరుగుతుంటే పట్టుకుంది.

"అమ్మా, డెనీస్ నన్ను అడిగింది. వై డోంట్ యూ జస్ట్ సే ఇట్? నాలుగు అక్షరాలు కాదు, కొంచెం ఎక్కువ. కానీ ఇట్స్ ఓన్లీ ఎ నేమ్. నాతో రిపీట్ చెయ్యి. నేను చెప్తాను, నువ్వు..."

"వద్దు."

"నాన్న ఇప్పుడు లేరు కదా అమ్మా. ఆ బిలీఫ్ ఇప్పుడు అప్లై అవ్వదు. లాజికల్‌గా ఆలోచించు."

కత్తి పక్కన పడేశాను. "లాజిక్కా? నీ లాజిక్కు ప్రకారమే చెబుతా విను. ఆయన ఆయుష్షు తగ్గుతుందని నోరు కట్టుకున్నాను. అవునా? ఇవాళ నోరు విప్పితే దానర్థమేమిటి? ఇంక తగ్గడానికి ఆయుష్షే లేదని నేను ఒప్పుకున్నట్టు. డాక్టర్లు ఒప్పుకున్నారు, నువ్వు ఒప్పుకున్నావు, సంతాప సభ పెట్టి జగన్మోహన్ గారు ఒప్పుకున్నారు. నేను ఒక్కదాన్నే ఒప్పుకోలేదే. పొద్దున్న లేచి రెండు కప్పులు తీసి, ఒకటి మళ్ళీ లోపల పెట్టేస్తున్నా రోజూ. నా నోట్లో ఆ పేరు ఉన్నంతకాలం ఆయన కొంచెం ఉన్నట్టే ఉంటుంది నాకు. అది కూడా తీసేసుకుంటారా అందరూ కలిసి?"

నేను పడేసిన కత్తి ఉష తీసుకుని మిగతా వంకాయలు తరిగింది. ముక్కలు వంకరటింకరగా వచ్చాయి. కూర బాగానే కుదిరింది.

*

సెర్మనీకి ముందురోజు త్రివేణి దిగింది. పార్సిప్పనీలో కొడుకు దగ్గర ఉంటుంది. మోకాళ్ళ నొప్పులు, షుగరు, బీపీ, అన్నీ ఉన్నాయి, నోరు మాత్రం పరికిణీ నాటిదే. ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికి వచ్చేలోపు ఉష దానికి ఎవన్ కథంతా చెప్పేసింది. ఇంట్లో అడుగు పెడుతూనే నడుం పట్టుకుని నవ్వింది.

"ఏమే వదినా! ఊరంతా మా అన్నయ్యని ఏవండీ ఏవండీ అని పిలిచిందా? పోస్టాఫీసావిడ కూడానా? అన్నయ్యకి ఈ ఊళ్ళో ఎంతమంది పెళ్ళాలే!"

"నోర్ముయ్. ముందు కాళ్ళు కడుక్కో."

నవ్వీ నవ్వీ, కూర్చుని, కాఫీ సగం తాగి, గోడ మీద ఆయన ఫోటో వైపు తిరిగింది. "రేపు నువ్వే చదవాలటగా," అంది.

"ఉష చదువుతుంది. చెప్పేశాను హంసికకి."

త్రివేణి నా మొహంలోకి చూసింది. అది అలా మాట్లాడకుండా చూస్తే ఏదో పథకం వేస్తోందన్నమాట. ఆ రాత్రి నేను అడగలేదు, అది చెప్పలేదు.

మర్నాడు మంచి ఎండ. పోస్టాఫీసు ముందు పచ్చిక మీద మడత కుర్చీలు వేశారు. తెలుగువాళ్ళు పట్టుచీరల్లో, కుర్తాల్లో ఒక వైపు, ఊరివాళ్ళు షార్టుల్లో ఇంకో వైపు. రానన్న ఇద్దరూ వచ్చారు. ఎవన్ కాకపోతే మాకెందుకన్న మొహాలతో వెనక నిలబడ్డారు. కాంగ్రెస్‌మన్ గారు క్లుప్తంగా మాట్లాడారు. జగన్మోహన్ గారు క్లుప్తంగా మాట్లాడలేదు. తర్వాత కుటుంబం ముందు నడవండి, లోపలికి వెళ్ళి ప్లాక్ ఆవిష్కరిద్దాం అన్నారు.

మెట్లెక్కి అద్దాల తలుపు దగ్గరికి వెళ్ళేసరికి త్రివేణి నాకంటే ముందే అక్కడ ఉంది. కంచిపట్టు చీర, కాళ్ళకి స్నీకర్లు. రెండు చేతులూ బార్లా చాపి తలుపుకి అడ్డంగా నిలబడింది.

"పేరు చెప్పి లోపలికి రా వదినా."

"ఇవేం పనులే? అందరూ చూస్తున్నారు. జరుగు."

"జరగను."

హంసిక పరుగెత్తుకొచ్చింది. "ఆంటీ, వాట్ ఈజ్ దిస్? ఇది ప్రోగ్రామ్‌లో లేదు!"

"ఇది నీ ప్రోగ్రాం కాదమ్మా, మాది," అంది త్రివేణి. వెనక ఎవరో నవ్వారు. జగన్మోహన్ గారు కాంగ్రెస్‌మన్ గారి చెవిలో మన ఆచారమేదో వివరిస్తున్నారు. ఆయన తల ఊపి, చేతులు కట్టుకుని ఎంతో భక్తిగా నిలబడ్డారు.

గొంతు తగ్గించి బతిమాలాను. "నా వల్ల కాదే. నీకు దణ్ణం పెడతాను, వదిలెయ్."

"అప్పుడు అమ్మ నా చెయ్యి ఎత్తేసింది. ఇప్పుడు అమ్మ లేదు. ఎత్తేవాళ్ళెవరూ లేరు," అంది. చాచిన చేతులు కిందికి వాలిపోతుంటే మళ్ళీ పైకెత్తింది. పాపం ముసల్ది, అంతసేపు చేతులు చాపి నిలబడటం మాటలా?

ఏం చెయ్యను? "ఏవండీ..." అన్నాను.

అది నేను ఆయన్ని సాయం పిలిచిన పిలుపు. ఊరివాళ్ళకి వాళ్ళకి తెలిసిన పేరు వినిపించింది. "ఎవన్!" అని వెనక నుంచి ఒకడు అరిచాడు. అందరూ చప్పట్లు కొట్టారు, ఈలలు వేశారు. తెలుగువాళ్ళు ముందు తెల్లమొహం వేసి, అర్థమయ్యాక పగలబడి నవ్వారు.

త్రివేణి నవ్వలేదు. "అది నువ్వు పిలుచుకున్న పేరు. మా అమ్మ పెట్టిన పేరు చెప్పు."

కుడి పక్కకి చూశాను. ఆ రోజు ఆయన అక్కడే నిలబడ్డారు, కొంగుముడి పట్టుకుని, నవ్వు ఆపుకుంటూ, నేను చెబుతానా చెప్పనా అని నా మొహంలోకి తొంగి చూస్తూ. ఇప్పుడు ఆ పక్కన నా హ్యాండ్‌బ్యాగు వేలాడుతోంది. అద్దం తలుపు అవతల డెనీస్ నిలబడి ఉంది, యూనిఫాంలో, నా పెదవుల వైపు చూస్తూ. పలక పట్టుకున్న పిల్లలాగే.

నువ్వు చెప్పిన రోజున నేనూ చెబుతాను అన్నారు కదండీ. మీరు ఆగారు. నేనే ఆలస్యం చేశాను.

"తాడికొండ భీమశంకరం గారూ నేనూ వచ్చాం," అన్నాను. "తలుపు వదులు."

మైకు లేకపోయినా వినపడింది. వచ్చాం అన్నాను. ఆ మాట అలాగే అనాలి. ఇద్దరూ వచ్చినప్పుడు అనే మాట అది, ఒక్కరొచ్చినప్పుడు అనడానికి మాకు ఎవరూ వేరే మాట నేర్పలేదు.

త్రివేణి చేతులు దింపింది. మొహమంతా తడి. "రా వదినా," అంది. "ఇద్దరూ రండి."

తలుపు తెరిచి పట్టుకుంది. నేను లోపలికి నడిచాను. ఒక పక్కకి ఒదిగి నడిచానని, ఇంకొకళ్ళకి చోటు వదిలినట్టు నడిచానని, తర్వాత వీడియో చూపించి ఉష చెప్పింది.

ప్లాక్ చదవడం ఏమంత కష్టం కాలేదు. గడప దాటాక ఇంకేముంది? డాక్టర్ భీమశంకరం తాడికొండ పోస్టాఫీస్ బిల్డింగ్, అని గట్టిగా చదివాను. ఊరివాళ్ళకి ఎవనే ఈయనని, ఎవన్ అసలు పేరు కాదని, ఆ పేరుని ఆయన ఇష్టపడే మోశారని ఉష ఇంగ్లీషులో చెప్పింది. వెనక నిలబడ్డ ఇద్దరిలో ఒకాయన టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

అందరూ కేకుల మీద పడ్డాక డెనీస్ దగ్గరికి వచ్చింది. "భీమ... షంక... రమ్," అంది. మళ్ళీ అంది. మూడోసారికి బాగానే వచ్చింది.

"మరి ఎవన్ అంటే ఏమిటి, మిసెస్ డీ? ఇన్నాళ్ళూ మేమన్నది ఏమిటి?"

చెప్పాను. మా భాషలో పెళ్ళాం మొగుణ్ణి పిలిచే పిలుపు అది, పేరు పలకలేక పిలిచేది, అని. డెనీస్ రెండు చేతులతో నోరు మూసుకుంది. "అంటే ముప్ఫై ఏళ్ళు, పొద్దున్నే, అందరి ముందు, నేను నీ మొగుణ్ణి... ఓ మై గాడ్!" ఇద్దరం ఆ ప్లాక్ కింద బల్ల మీద కూలబడి, కడుపు నొప్పి పుట్టేదాకా నవ్వాం. నవ్వు ఆగాక నా చెయ్యి నొక్కి, "ఇంక మేమెవరం అలా పిలవం. అది నీది. నీకు తిరిగి ఇచ్చేస్తున్నాం," అంది.

మంచి మనసుతోనే అంది. మాట మీద నిలబడింది కూడా. ఇప్పుడు ఊళ్ళో అందరూ భీమ, భీమ అనే అంటున్నారు. మంగలి కూడా. ఆయన చూసి ఉంటే ఎంత మురిసిపోయేవారో.

సాయంత్రం త్రివేణి కారులోనే నిద్రపోయింది. ఉష దాన్ని లేపుతుంటే నేను ముందు దిగి వీధి తలుపు తాళం తీశాను. చీకటిగా ఉంది లోపల. చెప్పులు విడుస్తూ, అలవాటు కొద్దీ, "ఏవండీ, వచ్చేశాం," అన్నాను. కాసేపు ఆగాను. పొద్దున్న నోరు తిరిగింది కదా అని, పేరు పెట్టి కూడా ఒకసారి పిలిచి చూశాను.

రెండింటికీ పలకలేదు.

"ఎవరితో అమ్మా మాట్లాడుతున్నావ్?" అంది ఉష వెనకాల నుంచి, చేతిలో మిగిలిన కేకు డబ్బాతో.

"మీ నాన్నతోనే," అన్నాను. "లైటు వెయ్యి."